వండిన పాస్తా ఫ్రీజర్‌లో పెట్టొచ్చా? మన ఎండలకి, మన కరెంటుకి ఎన్నాళ్ళు ఆగుతుంది?

పాలమూరు టీచరమ్మ (మహబూబ్‌నగర్):
అందరికీ నమస్తే. నేను స్కూల్ టీచర్‌ని, మా ఆయన ఉద్యోగం షాద్‌నగర్ వైపు, ఇద్దరం ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. పిల్లలకి పాస్తా అంటే ప్రాణం, బయట కొనిచ్చేది నాకు నచ్చదు. ఆదివారం తీరిగ్గా పెద్ద బగోనాలో చేసి, ఒక్కో పూటకి ఒక్కో డబ్బా చొప్పున ఫ్రీజర్‌లో పెట్టుకుంటే వారం మధ్యలో వేడి చేసి పెట్టొచ్చు కదా అని ఆలోచన. రెండు డోర్ల ఫ్రిజ్ ఉంది. మా అత్తమ్మకి ఇది ఇష్టం లేదు, వండింది ఆ పూటే తినాలి, ఐసుగడ్డల్లో పెట్టినా పాసిపోయేది పాసిపోతుంది అంటోంది. ఆమె మాట తీసేయలేను, పిల్లల విషయం కాబట్టి. ఎర్ర సాస్, తెల్ల సాస్ రెండూ ఆగుతాయా, చికెన్ వేసింది పెట్టొచ్చా, ఎన్ని రోజులు, తీశాక ఎట్లా వేడి చేయాలి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

వనపర్తి వంటిల్లు:
పెట్టొచ్చు అక్కా, నేను తరచూ చేస్తుంటా. రుచి సంగతి ముందు చెప్తా, మిగతాది తెలిసినవాళ్ళు చెప్తారు. పాస్తా మెత్తగా ఉడకనివ్వద్దు. ప్యాకెట్ మీద పది నిమిషాలు అని రాసి ఉంటే ఎనిమిదికే దించెయ్యండి, అన్నం పలుకు మీద దించినట్టు. ఎందుకంటే ఫ్రీజర్‌లో గడ్డ కట్టి కరిగేటప్పుడు కొంత, మళ్ళీ వేడి చేసేటప్పుడు కొంత మెత్తబడుతుంది, ముందే పూర్తిగా ఉడికితే చివరికి ముద్దయిపోతుంది. సన్నటి స్పఘెట్టి కన్నా పెన్నె, ఫుసిల్లి లాంటి మందంగా ఉండే రకాలు బాగా ఆగుతాయి. రవ్వ గోధుమతో చేసిన పాస్తా, అంటే ప్యాకెట్ మీద డ్యూరమ్ అని ఉండేది తీసుకోండి, మైదా పాస్తా రెండోసారి వేడికి విరిగిపోతుంది.

ఎర్ర సాస్ ఫ్రీజర్‌కి చాలా అనువైనది. టమాటా, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, కారం అన్నీ బాగుంటాయి. సాస్ కొంచెం ఎక్కువగా, జారుగా పెట్టుకోండి, పాస్తా పీల్చుకుంటుంది. తెల్ల సాస్ మాత్రం కరిగాక విడిపోతుంది, నీళ్ళు ఒకవైపు, పాలవిరుగు లాంటిది ఒకవైపు. చెడిపోయినట్టు కాదు, కొద్దిగా పాలు పోసి సన్నమంట మీద గిలకొడితే కలుస్తుంది కానీ మొదటి నునుపు రాదు. నేనైతే ఉడికిన పాస్తా, వేయించిన చికెన్, మొక్కజొన్న గింజలు ఫ్రీజ్ చేసి పెట్టుకుని, తెల్ల సాస్ అప్పటికప్పుడు చేస్తా, పది నిమిషాల పని. ఆలుగడ్డ వెయ్యకండి, ఇసుక నమిలినట్టు అవుతుంది. ఉడికించిన గుడ్డు తెల్లసొన రబ్బరులా సాగుతుంది. పనీర్ కాస్త పొడిపొడిగా అవుతుంది, తినొచ్చు. కొత్తిమీర తినేముందే చల్లుకోండి.

జడ్చర్ల_శీను:
మస్తు చెప్పారు. ఇందులో ఇంత టెన్షన్ ఎందుకో నాకర్థం కాదు. ఫ్రీజర్‌లో పెడితే ఆ చలికి క్రిములన్నీ చచ్చిపోతాయి కదా. రాత్రి మిగిలింది పొద్దున చూసి, వాసన బాగుంటే ఫ్రీజర్‌లో పెట్టెయ్యడమే.

అచ్చంపేట_లెక్చరర్:
శీను గారూ, ఈ మాట మీ ఒక్కరిదే కాదు, చాలామంది నమ్మకం, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపికగా చదవండి. నేను మైక్రోబయాలజీ చెప్తాను.

ఫ్రీజర్ క్రిముల్ని చంపదు. మైనస్ 18 డిగ్రీల దగ్గర అవి పెరగడం ఆగిపోతుంది, అంతే. కొన్ని చస్తాయి, చాలా బతికే ఉంటాయి, కరగగానే మళ్ళీ మొదలుపెడతాయి. అంటే డబ్బా ఫ్రీజర్‌లోకి ఏ స్థితిలో వెళ్ళిందో అదే స్థితిలో బయటికి వస్తుంది. లోపలికి పోయే ముందు గడిచిన సమయమే అసలు లెక్క.

పాస్తా, అన్నం, నూడుల్స్ లాంటి పిండి పదార్థాలకి ప్రత్యేకంగా ఒక బాక్టీరియా ఉంది, పేరు బాసిల్లస్ సీరియస్. మట్టిలో, ధాన్యంలో, దుమ్ములో అంతటా ఉంటుంది. ఇది బీజాలుగా మారి ఉండిపోతుంది, ఆ బీజాలు నీళ్ళు మరిగినా చావవు. ఎండాకాలమంతా బీడులో పడి ఉన్న గడ్డిగింజ తొలకరి పడగానే మొలిచినట్టు, వండిన పాస్తా గోరువెచ్చగా బయట ఉంటే ఈ బీజాలు మొలుస్తాయి. పెరిగేటప్పుడు కొన్ని రకాలు సెరెయులైడ్ అనే విషాన్ని వదులుతాయి. ఆ విషం ఫ్రీజర్‌లో పోదు, మైక్రోవేవ్‌లో పోదు, ప్రెషర్ కుక్కర్‌లో పెట్టి కూత వేయించినా పోదు. దానికి వాసన ఉండదు, రుచి ఉండదు. కాబట్టి "వాసన చూసి పెట్టెయ్యడం" అనే పద్ధతి ఇక్కడ అస్సలు పనికిరాదు.

2008లో బెల్జియంలో జరిగిన ఒక సంఘటన వైద్య పత్రికల్లో వచ్చింది. 20 ఏళ్ళ విద్యార్థి, 5 రోజుల కింద వండి వంటింట్లో బయటే ఉంచిన స్పఘెట్టిని మైక్రోవేవ్‌లో వేడి చేసుకుని తిన్నాడు. అరగంటకి తలనొప్పి, వాంతులు మొదలయ్యాయి, ఆ రాత్రి పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. కాలేయం దెబ్బతింది. ఇట్లా ప్రాణం మీదికి రావడం చాలా అరుదు, మామూలుగా వాంతులు, విరేచనాలతో ఒకరోజులో తగ్గిపోతుంది. భయపెట్టడానికి చెప్పడం లేదు, వేడి చేస్తే అన్నీ పోతాయి అన్న ధీమా మాత్రం వదిలెయ్యాలి.

లెక్క ఏమిటంటే, 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య ఆహారం ఫ్రిజ్ బయట ఉన్న సమయం మొత్తం కలిపి రెండు గంటలు దాటకూడదు. గాలి వేడి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మనకి మార్చి నుంచి జూన్ దాకా పగలంతా ఈ ఒక్క గంట లెక్కే వర్తిస్తుంది. రాత్రి మిగిలింది పొద్దున ఫ్రీజర్‌లో పెట్టడం ఏ కాలంలోనూ కుదరదు.

నకిరేకల్ కోడలు:
సార్, ఒక్క గంటలో అంత పెద్ద గిన్నె చల్లారదు కదా. వేడివేడిది ఫ్రిజ్‌లో పెడితే ఫ్రిజ్ పాడవుతుందంటారు. ఫ్యాన్ కింద పెడితే చాలా?

అచ్చంపేట_లెక్చరర్:
మంచి ప్రశ్న అమ్మా. మే నెలలో నల్లగొండలో 44, 45 డిగ్రీలు కొట్టిన మధ్యాహ్నం మీ వంటింట్లో కూడా 37, 38 ఉంటుంది. ఫ్యాన్ ఎంత తిప్పినా గిన్నె ఆ గది వేడి కన్నా చల్లబడదు. సరిగ్గా 30 నుంచి 40 మధ్యే ఈ క్రిమికి బాగా ఇష్టమైన వేడి. అంటే ఎండాకాలం "బయట చల్లారబెట్టడం" అంటే దానికి పండగ చెయ్యడమే. చల్లటి నీళ్ళు కావాల్సిందే.

క్యాటరింగ్ యాదగిరి (నల్లగొండ):
ఇది నా రోజువారీ పని కాబట్టి నేను చెప్తా. పెళ్ళిళ్ళకి ఈ మధ్య పాస్తా కౌంటర్ అడుగుతున్నారు, నలభై యాభై కిలోలు ఉడికించి పెట్టుకోవాల్సి వస్తుంది. మేం పాటించే లెక్క, 60 నుంచి 21 డిగ్రీలకి రెండు గంటల్లోపు దిగాలి, అక్కడి నుంచి 5 కి ఇంకో నాలుగు గంటల్లోపు. మొదటి రెండు గంటలే ప్రమాదం, అందుకే అక్కడ తొందర. ఇంట్లో మీరు చేసేది కిలో, కిలోన్నర, కాబట్టి చాలా తొందరగా అవుతుంది.

టీచరమ్మా, బగోనాలోంచి వెంటనే తీసి రెండు మూడు వెడల్పు పళ్ళాల్లో రెండు వేళ్ళ మందానికి మించకుండా పరచండి. ఇంకా పెద్ద పళ్ళెంలోనో టబ్బులోనో నీళ్ళు పోసి దానిమీద ఈ పళ్ళేలు పెట్టండి. ఎండాకాలం ట్యాంకు నల్లా నీళ్ళు పెట్టకండి, మధ్యాహ్నం ఆ నీళ్ళు చెయ్యి కాలేంత ఉంటాయి. అప్పుడే మోటారు వేసి తోడిన బోరు నీళ్ళు, లేదంటే రంజన్ (మట్టికుండ) నీళ్ళు, వాటిలో ఫ్రిజ్‌లోని ఐసు ముక్కలు. గరిటెతో రెండు మూడుసార్లు కలపండి, చెయ్యి పెట్టి కలపొద్దు, చేతుల నుంచి వచ్చే క్రిములు వేరే ఉన్నాయి, వాటి విషం కూడా వేడికి పోదు. పావుగంట, ఇరవై నిమిషాల్లో చల్లగా అయిపోతుంది. సాస్ కలపని పాస్తా అయితే ఉడకగానే జల్లెడలో వంచి మీద చల్లటి ఫిల్టర్ నీళ్ళు పోస్తే చాలు, ఆ తర్వాత చెంచాడు నూనె పట్టిస్తే అంటుకోదు.

ఇంకో మాట, ఇది గట్టిగా చెప్పాలి. ఫంక్షన్ హాల్లో మిగిలిన పాస్తా కట్టి ఇవ్వమని అడుగుతారు, ఫ్రీజర్‌లో పెట్టుకుంటామంటారు. కౌంటర్ మీద ట్రే కింద మంట ఆరిపోయి ఎంతసేపయిందో ఎవరూ చూడరు. ఎన్నో చేతులు, ఎన్నో గరిటెలు. అది ఇంటికి తీసుకుపోయేది కాదు, ఎంత దగ్గరివాళ్ళు అడిగినా నేను ఇవ్వను, వాళ్ళు కోపం చేసుకున్నా సరే.

మిర్యాలగూడ ఫ్రిజ్ మెకానిక్:
యాదగిరి అన్న చెప్పింది కరెక్టు. నేను ఫ్రిజ్ సంగతి చెప్తా.

వేడివి పెడితే కంప్రెసర్ కాలిపోతుందనేది పాత భయం. ఆవిరి తగ్గి గోరువెచ్చగా ఉన్న చిన్న డబ్బాలు పెడితే ఫ్రిజ్‌కి ఏమీ కాదు. పొయ్యి మీది నుంచి దించిన పెద్ద బగోనా మూతతో సహా పెడితే మాత్రం పక్కనున్న పాలు, కూరలు కూడా వేడెక్కుతాయి, బగోనా మధ్యలో పాస్తా గంటలకొద్దీ వేడిగానే ఉంటుంది. కాబట్టి చిన్న డబ్బాలు, ఒకదానికొకటి తగలకుండా, గాలి ఆడేటట్టు. అన్నీ గడ్డకట్టాక ఒకదాని మీద ఒకటి పేర్చుకోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. మన దగ్గర ఎక్కువ ఇళ్ళల్లో ఉండేది సింగిల్ డోర్ ఫ్రిజ్. దాంట్లో పైన ఉండే ఐసు పెట్టె నిజమైన ఫ్రీజర్ అని అనుకోవద్దు. కొన్నింటి ఐసు పెట్టె తలుపు మీద చుక్క (స్టార్) గుర్తులుంటాయి. ఒక చుక్క అంటే మైనస్ 6 డిగ్రీలు, రెండు అంటే మైనస్ 12, మూడు అంటే మైనస్ 18. ఫ్రిజ్ మీద అంటించే కరెంటు ఆదా స్టిక్కర్ చుక్కలు వేరు, అవి ఎన్ని ఉన్నా ఫ్రీజర్ చలికి సంబంధం లేదు, కస్టమర్లు ఈ రెండింటినీ కలిపేస్తుంటారు. మైనస్ 6 ఉన్నదాంట్లో నెలలకొద్దీ దాచుకునే ఆలోచన చెయ్యకండి, వారంలోపు తినేటట్టయితేనే పెట్టండి.

డబుల్ డోర్ అయితే మంచిదే కానీ కొత్తవాటిలో పైభాగాన్ని కూడా ఫ్రిజ్‌గా మార్చుకునే బటన్ వస్తోంది. పెళ్ళికో పండక్కో కూరగాయలు ఎక్కువ వస్తే ఆ బటన్ నొక్కి మళ్ళీ మార్చడం మరిచిపోయిన ఇళ్ళు చాలా చూశా. టీచరమ్మా, మీరు ముందు అది చూసుకోండి. చవకలో ఫ్రీజర్ థర్మామీటర్లు దొరుకుతాయి, ఒకటి కొని డబ్బాల మధ్యలో పెట్టండి, మైనస్ 18 చూపిస్తే నిశ్చింత. అది లేకపోతే ఐస్‌క్రీమ్ పెట్టి చూడండి. చెంచా దిగనంత గట్టిగా ఉంటే బాగున్నట్టు, మెత్తగా దిగిపోతుంటే మీ ఫ్రీజర్‌కి చలి చాలట్లేదు. డోర్ రబ్బరు వదులైనా ఇట్లాగే అవుతుంది, ఒక కాగితం పెట్టి తలుపు మూసి లాగండి, సులువుగా వచ్చేస్తే రబ్బరు మార్చాలి.

దేవరకొండ తాత:
అందరూ బాగా చెప్తున్నారు కానీ నాదొక మాట. మా చిన్నప్పుడు ఫ్రిజ్జులు లేవు. రాత్రి అన్నం పొద్దున సద్ది తిని పొలం పోయేవాళ్ళం, మాకు ఏ బాసిల్లస్సూ రాలేదు. ఇప్పుడు గంట దాటితే విషం అంటే నమ్మబుద్ధి కావడం లేదు. ఈ పాస్తా మన తిండి కాదు కాబట్టి పడదేమో.

అచ్చంపేట_లెక్చరర్:
తాతా, మీరన్నది కొట్టిపారెయ్యను. సద్ది ఊరికే మిగిలిన అన్నం కాదు. రాత్రే దాంట్లో నీళ్ళో గంజో పోసి, మజ్జిగ కలిపి, కుండలో ఉంచేవాళ్ళు. తెల్లారేసరికి పులుస్తుంది. ఆ పులుపు మంచి బాక్టీరియా తయారుచేసే ఆమ్లం, అది చెడ్డవాటిని పెరగనివ్వదు. మన పెద్దవాళ్ళు చేసింది నిల్వ పద్ధతే, ఎంతో ఆలోచన ఉన్న పద్ధతి. పాస్తాకి ఆ రక్షణ లేదు. పాలు, చీజు, చికెన్ కలిపి, పులవకుండా, గోరువెచ్చగా మూతపెట్టి ఉంచుతున్నాం. మజ్జిగ వెయ్యని పొడి అన్నం రాత్రంతా బయట ఉంచినా ఇదే ప్రమాదం, ఇది పరాయి తిండి మన తిండి అనే తేడా చూడదు.

దేవరకొండ తాత:
ఇప్పుడు అర్థమైంది బిడ్డా. మజ్జిగ సంగతి నిజమే, మా అమ్మ పొయ్యకుండా ఎప్పుడూ పెట్టలేదు.

సూర్యాపేట_సిస్టర్:
నేను నర్సుని. ఎండాకాలంలో వాంతులు విరేచనాలతో వచ్చేవాళ్ళు ఎక్కువ, అందులో పిల్లలు తొందరగా నీరసపడతారు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలైతే ముందే తయారైన విషం వల్ల అని అనుమానించాలి, ఆరు గంటలు దాటి కడుపునొప్పి, నీళ్ళ విరేచనాలు మొదలైతే ఇంకో రకం. ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా, చెంచాలతో తాగించండి, ఒకేసారి గ్లాసు తాగిస్తే కక్కేస్తారు. వాంతి ఆపడానికి ఇంట్లో ఉన్న గోళీ ఏదో ఒకటి వెయ్యకండి. ఎంతకీ వాంతులు ఆగకపోయినా, పిల్లవాడు మగతగా పడి ఉన్నా, మూత్రం పోయకపోయినా, కళ్ళు పచ్చగా అనిపించినా తెల్లారేదాకా చూడొద్దు, 108కి ఫోన్ చెయ్యండి. ఏం తిన్నారు, ఎప్పుడు వండింది, ఎంతసేపు బయట ఉంది, ఈ మూడూ డాక్టర్‌కి చెప్పండి, చాలా ఉపయోగపడుతుంది.

గర్భిణులు ఉన్న ఇంట్లో ఇంకొంచెం జాగ్రత్త. ఫ్రిజ్ చలిలో కూడా మెల్లగా పెరిగే లిస్టీరియా అనే క్రిమి ఉంది, వాళ్ళకి, కడుపులో బిడ్డకి అది చాలా ప్రమాదం. కరిగించి కింది అరలో పెట్టిన డబ్బాని వాళ్ళకి పెట్టాలంటే ఆలస్యం చెయ్యకుండా, పొగలు కక్కేదాకా వేడి చేసే పెట్టండి.

పాలమూరు టీచరమ్మ:
ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు, అందరికీ దండాలు. మెకానిక్ అన్నా, చూశాను, మా ఫ్రిజ్ బటన్ ఫ్రీజర్ మీదే ఉంది, ఐస్‌క్రీమ్ గట్టిగా ఉంది. ఇంకా అడుగుతా, ఏమనుకోకండి. డబ్బాలు ఎట్లాంటివి? మా ఇంట్లో స్టీలువి, గాజువి, ఐస్‌క్రీమ్ డబ్బాలు, హోటల్ పార్శిల్ నల్ల డబ్బాలు అన్నీ ఉన్నాయి. తీశాక బయట పెట్టి కరిగించాలా? మిగిలితే మళ్ళీ పెట్టొచ్చా?

వనపర్తి వంటిల్లు:
స్టీలు డబ్బా గట్టి మూతది ఫ్రీజర్‌కి బాగుంటుంది, తొందరగా చల్లబడుతుంది కూడా. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకూడదు. గాజుది అయితే ఫ్రీజర్‌కి పనికొచ్చేదని రాసి ఉండాలి, పైదాకా నింపొద్దు, నీళ్ళు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, సాస్ ఎక్కువున్నప్పుడు గాజు పగులుతుంది. ఫ్రీజర్‌లోంచి తీసిన గాజు గిన్నె నేరుగా వేడి ఓవెన్‌లోనో వేడినీళ్ళలోనో పెట్టినా పగులుతుంది. ఐస్‌క్రీమ్ డబ్బాల్లో చల్లారినవి పెట్టుకోవచ్చు, వేడివి పొయ్యకండి, వేడి చెయ్యకండి. నల్ల పార్శిల్ డబ్బాలు చలికి పెళుసై మూలల్లో చీలుతాయి, నేను వాడను.

నాకు అన్నిటికన్నా నచ్చేది జిప్ కవర్లు. ఒక పూటకి సరిపడా వేసి, గాలంతా నొక్కి తీసేసి, పలకలా చదునుగా పడుకోబెట్టి గడ్డ కట్టిస్తా. తొందరగా గడ్డకడుతుంది, తొందరగా కరుగుతుంది, చోటు తక్కువ పడుతుంది. గాలి ఉండిపోతే పాస్తా అంచులు తెల్లగా ఎండిపోయి తోలులా అవుతాయి, చెడిపోయినట్టు కాదు గానీ రుచి పోతుంది. తేదీ రాసిన టేపు ముందే అంటించాలి, మంచు పట్టాక అంటదు. మైనస్ 18 లో క్షేమం సంగతికి గడువు లేదంటారు, కానీ రుచికి రెండు నెలలు, మించితే మూడు. చికెన్, చీజు వేసినవి నేను రెండు నెలలు దాటనివ్వను.

అచ్చంపేట_లెక్చరర్:
కరిగించడం గురించి. పొద్దున బడికి పోయేటప్పుడు డబ్బా తీసి గట్టు మీద పెట్టి, సాయంత్రం వచ్చి వేడి చేద్దాం అనుకుంటారు. అదొక్కటీ చెయ్యకండి. అంచులు గంటలోనే కరిగి గది వేడికి వచ్చేస్తాయి, మధ్యలో ఇంకా ఐసు ఉంటుంది, సాయంత్రానికి అంచుల దగ్గర ఏం జరగాలో అది జరిగిపోతుంది. ముందురాత్రే ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. లేదా కరిగించకుండానే గడ్డ గడ్డగానే కడాయిలో వేసి, పావు గ్లాసు నీళ్ళు చల్లి, మూతపెట్టి సన్నమంట మీద కరగనివ్వండి, తర్వాత మంట పెంచి కలపండి. సాస్ మొత్తం కుతకుత ఉడకాలి, మధ్య ముక్క తీసి చూసినా పొగలు రావాలి. లెక్కలో చెప్పాలంటే మధ్యలో 74 డిగ్రీలు. మైక్రోవేవ్ అయితే సగంలో ఆపి కలిపి మళ్ళీ పెట్టండి, అది ఒకచోట మరిగించి ఇంకోచోట చల్లగా వదిలేస్తుంది. తీశాక రెండు నిమిషాలు మూతపెట్టి ఉంచితే వేడి సమంగా పాకుతుంది.

ఒకసారి వేడి చేసింది మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టొద్దు, అందుకే ఒక పూట డబ్బాలు. ఫ్రిజ్ కింది అరలో కరిగి, వేడి చెయ్యకుండా ఉన్న డబ్బా అయితే మరుసటి రోజు మళ్ళీ గడ్డ కట్టించినా ప్రమాదం లేదు, మెత్తబడుతుంది అంతే. కింది అరలో 4 డిగ్రీల దగ్గర మూడు రోజులకి మించి ఉంచకండి.

హాస్టల్ పిల్ల:
అందరికీ నమస్తే. నేను హైదరాబాద్‌లో చదువుతున్నా, ఊరు నల్లగొండ దగ్గర. అమ్మ చికెన్ పాస్తా ఫ్రీజ్ చేసి బస్సులో పంపిస్తానంటోంది. వంద కిలోమీటర్లు, రూము చేరేసరికి మూడు గంటలు దాటుతుంది. హాస్టల్లో ఫ్రిజ్ లేదు. తెచ్చుకోవచ్చా?

క్యాటరింగ్ యాదగిరి (నల్లగొండ):
చెల్లె, ఫ్రిజ్ లేని చోటికి చికెన్ పాస్తా వద్దు. తెచ్చుకోవాలనే ఉంటే ఒక్క పూటదే, రాయిలా గడ్డకట్టింది, థర్మాకోల్ డబ్బాలో చుట్టూ ఐసు ప్యాకులు పెట్టి, సందులన్నీ పేపర్లతో నింపి, నీ దగ్గరే పెట్టుకో. బస్సు కింద డిక్కీలో పెడితే అక్కడ పొయ్యి మీద పెట్టినట్టే. దిగాక చూడు, మధ్యలో ఐసు కరకరలాడుతుంటే ఆ రాత్రే బాగా వేడి చేసుకుని అందరూ తినెయ్యండి. మొత్తం కరిగి వెచ్చగా ఉంటే అమ్మ కష్టం అనుకోకుండా పారెయ్యి. అమ్మ చేతి రుచి కావాలంటే సకినాలు, అప్పాలు, పచ్చళ్ళు పంపమను, పాస్తా ప్యాకెట్ అక్కడే కొనుక్కుని ఉడికించుకో.

జడ్చర్ల_శీను:
లెక్చరర్ గారూ, చదివాక ఇంట్లో కూడా చదివి వినిపించా. మా అమ్మ ఒకటి అడగమంది. కరెంటు పోతే ఎట్లా? మొన్న సాయంత్రం గాలిదుమారం వచ్చి తీగలు తెగితే తెల్లారేదాకా రాలేదు. ఇన్వర్టర్ మీద ఫ్రిజ్ నడవదు.

మిర్యాలగూడ ఫ్రిజ్ మెకానిక్:
మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఇది ఎప్పుడైనా జరిగేదే. కరెంటు పోగానే మొదటి పని, ఫ్రీజర్ తలుపు ముట్టుకోకండి, పిల్లలకి కూడా చెప్పండి. నిండుగా ఉన్న ఫ్రీజర్ తలుపు తెరవకపోతే 48 గంటలు, సగం నిండింది 24 గంటలు చలి పట్టుకుంటుందని చెప్తారు. సింగిల్ డోర్ ఐసు పెట్టెకి ఆ లెక్క నేను నమ్మను, నమ్మొద్దని నా కస్టమర్లకి కూడా చెప్తా. ఫ్రీజర్ ఖాళీగా ఉంటే నీళ్ళ సీసాలు ముప్పావు దాకా నింపి గడ్డ కట్టించి పెట్టుకోండి, అవి చలి పట్టుకుంటాయి. కింది ఫ్రిజ్ మాత్రం నాలుగు గంటలే.

ఇంట్లో లేనప్పుడు కరెంటు పోయి వచ్చిందా అనేది తెలుసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. గిన్నెలో నీళ్ళు గడ్డకట్టించి, ఆ ఐసు మీద ఒక రూపాయి బిళ్ళ పెట్టి ఫ్రీజర్‌లోనే ఉంచండి. ఊరి నుంచి వచ్చాక బిళ్ళ పైనే ఉంటే సరే. సగం దాకా దిగి ఉంటే ఐసు కరిగి మళ్ళీ గడ్డకట్టినట్టు. అడుగుకి పోయి ఉంటే అన్నీ కరిగినట్టు, డబ్బాలు మళ్ళీ గట్టిగా కనిపించినా తినొద్దు.

నకిరేకల్ కోడలు:
ఈ బిళ్ళ సంగతి చాలా మంచిది అన్నా, మేం పండక్కి అమ్మగారింటికి పోతే నాలుగైదు రోజులు ఇల్లు తాళమే. సగం దిగితే ఏం చెయ్యాలి, పారెయ్యాల్నా?

అచ్చంపేట_లెక్చరర్:
సగం దిగితే ఎంతసేపు కరిగి ఉన్నాయో మనకి తెలియదమ్మా, కాబట్టి చికెన్, పాలు, చీజు ఉన్నవి, ఉడికిన పాస్తా, అన్నం పారెయ్యండి. ఇంట్లో మీరు ఉండగా కరెంటు వస్తే చూసి నిర్ణయించొచ్చు. డబ్బా తీసి నొక్కితే లోపల ఇంకా ఐసు పలుకులు తగులుతున్నా, థర్మామీటర్ 4 డిగ్రీలు దాటకపోయినా మళ్ళీ గడ్డ కట్టనివ్వండి, లేదా ఆ పూటే వండుకోండి. పూర్తిగా కరిగి వెచ్చబడితే రుచి చూసి తేల్చుకుందాం అనే ప్రయత్నం కూడా వద్దు.

పాలమూరు టీచరమ్మ:
మా అత్తమ్మకి ఇదంతా చదివి వినిపించాను. రంజన్ నీళ్ళ దగ్గర తల ఊపింది. ఆదివారం ఎర్ర సాస్ పాస్తా, చికెన్ లేకుండా, మూడు పూటల వరకే చేస్తున్నాం. పళ్ళేల్లో పరిచి చల్లార్చే పని తనే చూస్తానంది, గంట లెక్క కూడా తనే చూస్తానంది. తెల్ల సాస్ అప్పటికప్పుడే. వనపర్తి చెల్లీ, ఎర్ర సాస్‌లో క్యాప్సికమ్ వెయ్యొచ్చా?

వనపర్తి వంటిల్లు:
వెయ్యొచ్చు అక్కా, కరకర పోయి మెత్తబడుతుంది. పిల్లలకి అది నచ్చకపోతే వేడి చేసేటప్పుడు పచ్చివి సన్నగా తరిగి వేసుకోండి. క్యారెట్, బఠాణీ, మొక్కజొన్న ముందే వేసినా బాగుంటాయి. ఉప్పు ఇప్పుడు కొంచెం తగ్గించండి, వేడి చేసేటప్పుడు నీళ్ళు ఇగిరి ఉప్పు తేలుతుంది.